ఆరువందల కిలోమీటర్ల అవతల నీ గొంతు

ఫిబ్రవరి 11, మంగళవారం
లారీలు ఆపుకునే మైదానం, టీ బల్ల మీదనుంచి

చిరంజీవి కోడలికి,

మామయ్య దీవించి రాసే సంగతులు. ఇక్కడ నేను, గురకయ్య, మా బండి, ముగ్గురం కులాసా. అక్కడ నీ కుట్లు మానాయనీ, మెట్లు ఎక్కి దిగుతున్నావనీ మీ అత్తయ్య ఫోన్లో చెప్పింది. సంతోషం. గురకయ్య అంటే ఎవరో నీకు తెలియదు కదా, నాతో పన్నెండేళ్ళుగా బండి పంచుకుంటున్న డ్రైవరు. నాలుగు గంటలు నేను తోలితే నాలుగు గంటలు అతను తోలతాడు. అతను పడుకున్న నాలుగు గంటలూ క్యాబిన్లో ఇంకో ఇంజను తిరుగుతున్నట్టే ఉంటుంది.

నేను నీకు ఉత్తరం రాయడం నీకు వింతగా ఉండొచ్చు. నాకూ అలాగే ఉంది. పెళ్ళయి వచ్చిన కొత్తలో భోజనాల దగ్గర నేనన్న మాట నువ్వు మరిచిపోయి ఉండవు. అర్ధరాత్రి పూట ముక్కూమొహం తెలియనివాళ్ళతో రేడియోలో కబుర్లు చెప్పే ఉద్యోగం మా ఇంటి కోడలికి ఏమిటని అన్నాను. నువ్వు కంచం వంక చూస్తూనే, మామయ్యగారూ, మీరు రాత్రంతా మేలుకుని తోలేది కూడా ముక్కూమొహం తెలియనివాళ్ళ సరుకే కదా అన్నావు. అబ్బాయికి నవ్వాపుకోలేక మంచినీళ్ళు పొలమారాయి. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత మీరిద్దరూ రేడియో స్టేషను దగ్గర వేరే వాటా తీసుకున్నారు. మీరు ఇంటికి వచ్చినప్పుడల్లా నేను నీతో అనాల్సిన ప్రతి మాటా మీ అత్తయ్యతో అనేవాణ్ణి. పక్కనే ఉన్న నిన్ను గ్లాసు ఇటు జరపమని చెప్పడానికి కూడా ఆవిణ్ణి వంటింట్లోంచి పిలిచేవాణ్ణి. రెండేళ్ళు అలా గడిపాను. పెద్దవాణ్ణి, ఇంతకంటే ఏం ఒప్పుకోను.

ఇక అసలు సంగతి. కిందటేడు మార్చిలో ఒక రాత్రి కొండల అవతల తోలుతున్నాను. గురకయ్య పడుకున్నాడు. నాకు కళ్ళు మూసుకుపోతున్నాయి. రేడియో ముల్లు తిప్పుతూ పోయాను. పగలంతా ఉండే దగ్గరి స్టేషన్లు ఆ వేళకి మూసేస్తారు. అప్పుడు మీడియం వేవ్‌లో దూరాభారపువి వస్తాయి. ఎక్కడో ఎవరో తెలియని భాషలో ధాన్యం ధరలు చదువుతుంటారు, ఇంకెక్కడో తీగ వాయిద్యం, మధ్యలో పెనం మీద నీళ్ళు చల్లినట్టు చిటపటలు. రాత్రిళ్ళు ఆ తరంగాలు ఆకాశంలో ఏదో పొరకి తగిలి మళ్ళీ కిందికి వస్తాయని ఒక రేడియో మెకానిక్ చెప్పాడు. ఏ పొరో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా, ముల్లు కాస్త కదిపేసరికి ఆ గరగర మధ్యలోంచి, మేలుకుని ఉన్నవాళ్ళందరికీ నమస్కారం అని నీ గొంతు వినిపించింది.

మన ఊరికీ అక్కడికీ ఆరువందల నలభై కిలోమీటర్లు. ఎదుటి గదిలో ఉన్నప్పుడు నేను వినని గొంతు అంత దూరం వచ్చి నా చెవిలో పడింది.

టక్కున ఆపేశాను. పది కిలోమీటర్లు పోయాక మళ్ళీ పెట్టాను.

అప్పట్నుంచీ వింటూనే ఉన్నాను. కొండ తొలిచిన దారిలో నువ్వు పూర్తిగా పోతావు. పెద్ద కరెంటు తీగల కింద ఝుమ్మని మోత తప్ప ఏమీ ఉండదు. ఉప్పు నేలల పక్కనున్న రోడ్డు మీద మాత్రం పక్క సీట్లో కూర్చుని చెబుతున్నట్టు ఉంటావు. అందుకని నువ్వు వచ్చే పదకొండు గంటలకి బండి అక్కడ ఉండేలా టీ తాగే చోటు కూడా మార్చాను. గురకయ్యకి అక్కడి టీ నచ్చదు. ఎందుకు మార్చావని వారం రోజులు సణిగాడు. చివరికి సంగతి చెబితే, కోడలు చెప్పే వాతావరణం కోసం నా నోరు పాడు చేస్తావా అన్నాడు. ఆ మర్నాటి నుంచి పదకొండుకి ముందు తనే లేచి కూర్చోవడం మొదలుపెట్టాడు.

నువ్వు నది నీటిమట్టం చదివే ముందు ఒక్క క్షణం ఆగుతావు, అంకె తప్పు పోకూడదని కాబోలు. దగ్గొస్తే మొహం పక్కకి తిప్పుకుంటావు, అది కూడా తెలుస్తుంది. ఆలస్యమైన రైళ్ళు, తప్పిపోయినవాళ్ళ ఆనవాళ్ళు, పొగమంచు పడ్డ దారులు చదువుతావు. ఒకసారి రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు రాసిన ఉత్తరం చదివి, మీకు కాళ్ళు నొప్పిగా ఉంటే ఈ పాట అయ్యేదాకా కూర్చోండి, నేను ఎవరికీ చెప్పనులెండి అన్నావు. క్యాబిన్లో ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

సెప్టెంబరులో అనుకుంటా, ఇదే మైదానంలో ఆగాం. చూస్తే, ఏడెనిమిది బళ్ళలోంచి నీ గొంతే. పక్కన నిలబడ్డ నూనె ట్యాంకరు డ్రైవరు, ఈ అమ్మే లేకపోతే నేను ఎప్పుడో నిద్రలో ఏ కల్వర్టులోనో పడి ఉండేవాణ్ణి, ఎవరి బిడ్డో గానీ చల్లగా ఉండాలి అన్నాడు. మా కోడలని చెబుదామని నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. నేను వద్దన్న పనిని చూపించి గొప్పలు పోవడానికి మొహం చెల్లలేదు. ఆ సిగ్గు ఇంకా ఉంది.

డిసెంబరులో ఆ రాత్రి కూడా నేను వింటూనే ఉన్నాను. ఘాటు రోడ్డు మీద మంచు ఎక్కువగా ఉంది, బళ్ళవాళ్ళు దయచేసి, అన్నావు. అంతే. కుర్చీ ఒరిగినట్టు చప్పుడు, తర్వాత ఉత్త హోరు. బండి పక్కకి తీసి ఆపాను. రేడియో చెడిందేమోనని ముల్లు అటూ ఇటూ తిప్పాను, మిగతావన్నీ వస్తున్నాయి. గురకయ్య లేచి కూర్చున్నాడు. కాసేపటికి ఏ పరిచయమూ లేకుండా ఒక పాట వచ్చింది. దాని తర్వాత మగగొంతు. దొరికిన మొదటి పెట్రోలు బంకు నుంచి స్టేషనుకి ఫోన్ చేశాను. వాచ్‌మన్ తీశాడు. అమ్మాయి కడుపునొప్పితో పడిపోయింది, ఇంజనీరుగారి కారులో ఆస్పత్రికి తీసుకెళ్ళారని చెప్పాడు. మీరెవరండీ అని అడిగాడు. వినేవాణ్ణి అన్నాను. ఇంటికి చేస్తే మీ అత్తయ్య ఏడుస్తూ, అబ్బాయి ముందే పరిగెత్తాడు, నేనూ బయల్దేరుతున్నానంది.

అపెండిక్స్ పగిలిందనీ, ఇంకో గంట ఆలస్యమైతే చెయ్యి దాటిపోయేదనీ డాక్టరు చెప్పిన మాట నీకూ తెలుసు. నాలుగోరోజు నేను ఇంటికి చేరి, ఆస్పత్రికి వచ్చి, గుమ్మంలోంచే ఎలా ఉందని మీ అత్తయ్యని అడిగి వెళ్ళిపోయాను. నువ్వు మంచం మీదే మేలుకుని ఉన్నావు. అప్పుడైనా నిన్నే అడగాల్సింది. అలవాటైన దొంగచాటుతనం ఒక్కరోజులో పోదమ్మా.

నిన్న మీ అత్తయ్యతో మాట్లాడాను. నువ్వు రాజీనామా కాగితం రాసి పెట్టుకున్నావట. ఇంట్లో అందరికీ ఇబ్బందిగా ఉంది, మామయ్యగారికి ఎలాగూ ఇష్టం లేదు అన్నావట. అందుకే ఈ ఉత్తరం.

నీకే విసుగొచ్చి మానేస్తానంటే అది నీ ఇష్టం, నేను మధ్యలోకి రాను. నీ ఒంటికి ఆ వేళలు పడవని డాక్టరంటే మానెయ్యి. కానీ ఆ కాగితంలో నా పేరు మీద మానెయ్యకు. నేను అన్న మాట తప్పు. కోపంలో జారిన మాట కాదు, తెలివిగా మాట్లాడుతున్నాననుకుని అన్న మాట, అందుకని ఇంకా తప్పు. నన్ను క్షమించు.

నీ బదులు ఇప్పుడు చదువుతున్నాయన మంచివాడే అయ్యుండొచ్చు. కానీ పొగమంచు గురించి పాత ఇనుము వేలం వేస్తున్నట్టు చదువుతాడు. ఆయన మొదలెట్టగానే గురకయ్య మళ్ళీ పడుకుంటున్నాడు. ట్యాంకరాయన నిన్న ఇక్కడే కనిపించి, ఆ అమ్మాయి ఏమైందో తెలుసా అని నన్ను అడిగాడు. ఈసారి చెప్పేశాను, మా కోడలు, ఒంట్లో బాగాలేక సెలవులో ఉందని. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. టీ డబ్బులు కూడా నన్ను ఇవ్వనివ్వలేదు.

వచ్చే నెల నుంచి నాకు వారం విడిచి వారం ఇంటిపట్టునే డ్యూటీ. ఆస్పత్రి నుంచి వచ్చాక మీరిద్దరూ మనింట్లోనే ఉంటున్నారు కాబట్టి, ఆ వారాల్లో నిన్ను స్కూటరు మీద స్టేషను దగ్గర దింపి, అయ్యేదాకా వాచ్‌మన్ దగ్గర కూర్చుని, వెనక్కి తీసుకొస్తాను. మిగతా వారాలు అబ్బాయి చూసుకుంటాడు. మీ అత్తయ్యకి ఈ మాట చెబితే, ఈ బుద్ధి రెండేళ్ళ కిందట ఎక్కడ పెట్టారని అడిగింది.

తొందర లేదు. బాగా కోలుకున్నాకే ఆలోచించు. జవాబు రాయాలనిపిస్తే రాయి, లేదంటే ఏ రాత్రయినా పదకొండుకి నేను వింటాను.

నీ మేలు కోరే
మామయ్య

తా.క. కవరు అంటించబోయి ఆగాను. పైన ఒక సంగతి దాటేశాను. ఆ డిసెంబరు రాత్రి నేను సరుకుతో వెళ్ళలేదు. పెట్రోలు బంకు దగ్గరే దిగిపోయాను, మిగతా దారంతా గురకయ్య ఒక్కడే తోలాడు. నేను ఎదురొచ్చిన కూరగాయల వ్యానెక్కి, రెండు బస్సులు మారి, మర్నాడు సాయంత్రానికి ఆస్పత్రికి చేరాను. మీ అత్తయ్యా అబ్బాయీ మందుల కోసం కిందికి వెళ్ళినట్టున్నారు. చూసే వేళ అయిపోయింది, తల్లిదండ్రుల్ని తప్ప ఎవర్నీ పంపనని వార్డు నర్సు తలుపుకి అడ్డంగా నిలబడింది. మీరేమవుతారని అడిగింది. నాన్ననని చెప్పాను. ఐదు నిమిషాలు ఇచ్చింది. నువ్వు నిద్రలో ఉన్నావు, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నర్సు దూది ఇచ్చి తడపమంటే తడిపాను. నువ్వు లేచి చూస్తే ఏం చెప్పాలో తెలియక వెళ్ళిపోయి, గురకయ్య వెనక్కి వచ్చేదాకా లారీ షెడ్డులో పడుకున్నాను. నర్సుకి అబద్ధం చెప్పానే అని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు అలా అనిపించడం లేదు.