రెండో పేకెట్టు, మూడో పేకెట్టు

తల్లీ సరితా,

నాన్నని. నువ్వు వెళ్ళి పదకొండు నెలలైంది. ఇన్నాళ్ళూ నీకు రాయడానికి చెయ్యి రాలేదు... ఈ రోజు ఆగలేకపోతున్నాను.

నీ రీడింగులు నిజమేనమ్మా. రెండో పేకెట్టు, మూడో పేకెట్టు... రెండూ నువ్వు రాసినట్టే వచ్చాయి.

నిన్న మధ్యాహ్నం ఎర్రటి ఎండలో మీ ల్యాబ్ జూనియర్ పూజ కోహ్కా బస్తీలో మన ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. గుమ్మంలోనే కాగితం విప్పి చూపించింది. నువ్వు కరెంటు పరీక్షకి చేసిన ఆ బిళ్ళలన్నీ మీ సారు తనని మళ్ళీ మొదటి నుంచి చెయ్యమన్నారట. కొత్త పొడి, కొత్త తూకం, కాల్చడం కూడా ల్యాబ్‌లోనే. కాగితం మీద నీవి నల్ల చుక్కలు, తనవి ఎర్ర చుక్కలు. ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి, నా బంగారు తల్లీ. మూడుసార్లు చేసినా అంతేనట. దీదీ రైట్ థీ, అక్క చెప్పిందే నిజం అంటూ ఆ పిల్ల ఏడ్చేసింది.

నేను చొక్కా వేసుకుని పరుగెత్తాను. కిలో జిలేబీ తెచ్చి మన సందంతా పంచాను. ఏం విశేషం అన్నవాళ్ళకి మా అమ్మాయి లెక్క ఒప్పయింది అని చెప్పాను. వాళ్ళు తీసుకున్నారు గానీ నా మొహం చూడలేకపోయారు. మీ అమ్మ ముట్టుకోలేదు. దానికి తెలిస్తే కదా ఇప్పుడు అని ఒక్క మాట అని లోపలికి వెళ్ళిపోయింది.

ఎనిమిదో తరగతి దాటని వాణ్ణి, అయినా నీ చదువు నాకూ అర్థమయ్యేలా చెప్పేదానివి. "ఈ తెల్ల పొడి కాల్చి బిళ్ళ చేస్తే కరెంటు పోనివ్వదు నాన్నా. చిటికెడు లాంథనం పొడి కలిపితే పోనిస్తాది. ఇంకాస్త కలిపితే మళ్ళీ ఆపేస్తాది. ఎక్కడ తిరుగుతాదో అదే నేను పట్టుకోవాలి." చిటికెడు కలిపినవి రెండో పేకెట్టు, ఇంకాస్త కలిపినవి మూడోది. నీ లెక్కలో రెండోది కరెంటు పోనిచ్చింది, మూడోది ఆపేసింది. అలా తిరగడం ఉన్నదే గానీ ఇంత తొందరగా తిరగదన్నారు మీ సారు. పేకెట్లు తారుమారు చేసి ఉంటావన్నారు.

ఆ సాయంత్రం నేను కూలర్‌లో నీళ్ళు పోస్తున్నాను. నువ్వు వచ్చి పక్కన నిలబడ్డావు. "నాను మార్చలేదు నాన్నా, నిజంగా, సచ్ మే. నువ్వయినా నమ్ముతావా?" అన్నావు. నేను పోస్తూనే ఉన్నాను. నీళ్ళు పొర్లి నీ కాళ్ళ మీద పడ్డాయి. "ఏటి నాన్నా, మాటాడవేటి?" అన్నావు.

ఎలా మాట్లాడను తల్లీ?

ల్యాబ్ బట్టీ పాడైందని నీ బిళ్ళల్ని భిలాయి-3లో నా పాత స్నేహితుడి వర్క్‌షాప్‌లో కాల్పించాం కదా. తేవడానికి నేను వెళ్ళాను. "నాన్న చేతిలో పెడితే భయం లేదు" అని నువ్వే పంపావు. వచ్చేటప్పుడు స్పీడ్ బ్రేకర్ దగ్గర స్కూటర్ ఎగిరి డబ్బా కింద పడింది. రెండోది, మూడోది, రెండు పేకెట్లూ విచ్చుకుపోయాయి. బిళ్ళలు మట్టిలో దొర్లాయి. కొన్ని కాస్త నల్లగా, కొన్ని తెల్లగా ఉన్నాయి. ఏవి ఏ పేకెట్టులోవో నేను చూసి పెట్టుకోలేదు. తుడిచి, నల్లవి రెండో దాంట్లో, తెల్లవి మూడో దాంట్లో వేసేశాను. ఎందుకలా వేశాను? ఇప్పటికీ తెలీదు...

ముప్పై ఏళ్ళు స్టీల్ ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్‌లో ఇటుక కట్టాను. ప్రతి ఇటుకకీ ఒక నంబరు. ఒక్కటి తప్పు చోట పెడితే గోడ విప్పించి మళ్ళీ కట్టించేవారు. నాది ఒక్కసారీ విప్పించలేదని నీకెన్ని సార్లు గొప్ప చెప్పుకున్నానో. అలాంటి వాణ్ణి, బిళ్ళలు కింద పడ్డాయమ్మా అన్న ఒక్క మాట అనలేకపోయాను. నీ రెండు నెలల కష్టం పోయిందంటావని భయమేసింది. నువ్వు అనేదానివా? ఏమో.

తరవాత నువ్వే నోట్‌బుక్‌లో ఆ రెండు వరసలూ ఎర్ర పెన్నుతో కొట్టేసి, పక్కన నా పొరపాటే అని హిందీలో రాసుకున్నావు. అది నీ పొరపాటు కాదని తెలిసినవాణ్ణి ఈ ఇంట్లో నేనొక్కణ్ణే.

కామెర్లు ముదిరి ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా అదే ధ్యాస. "బాగయ్యాక ఆ రెండూ మళ్ళీ చేస్తాను నాన్నా. ఎక్కడ తప్పానో తెలియాలి." నేను నీ కాళ్ళు పడుతూ కూర్చున్నాను. ఇంటికి తీసుకెళ్ళాక చెబుదాం అనుకున్నాను. ఇంటికి తెచ్చేసరికి వినడానికి నువ్వు లేవు.

బిళ్ళలు సరిగ్గానే వేశానని నిన్న తెలిసింది. ఎంత సంతోషమో తల్లీ, ఎంత సంతోషమో... ఆ వెంటనే ఇంకోటి తట్టింది. ఆ రోజే చెప్పి ఉంటే నువ్వు మళ్ళీ చేసేదానివి. అవే రీడింగులు వచ్చేవి. నువ్వు గెలిచే వెళ్ళేదానివి.

మీ సారు నీ పేరు ముందు పెట్టి పేపరు పంపిస్తారట. నీ నోట్‌బుక్ అడిగారు. సోమవారం నేనే పట్టుకెళ్తాను. డబ్బా పడిన సంగతి ఆయన మొహం మీదే చెప్తాను. ఈ తండ్రిని ఏమన్నా పడతాను.

అంతకన్నా ముందు మీ అమ్మకి చెప్పాలి. పక్క గదిలో నీ బట్టలు మడతపెడుతోంది. ఆవిడ నన్ను క్షమించకపోవచ్చు. అయినా ఈ కాగితం మడవకుండా తీసుకెళ్ళి ఆవిడ చేతిలోనే పెడతాను. ఇప్పుడే లేస్తున్నాను.

నీ నాన్న