మా గేటు ముందు గండి

రోడ్ల శాఖ ఇంజనీరు మేనల్లుడికి, దీవించక తప్పని మామయ్య రాయునది.

మీవాళ్లు మా గేటు పక్కన గుంట తవ్వి, రెల్లు నాటి పోయారు. మీ శాఖ సౌందర్య దృష్టి నాకు కొత్త కాదు. కానీ రోడ్డంచు రాళ్లు పగలగొట్టి ఎవడో గండి పెట్టాడు. ఎదురు షెడ్డు మెకానిక్కేనని నా అనుమానం. నా పుస్తకం తీసుకెళ్లి ఇవ్వని మనిషి దేనికైనా తగును. రోడ్డు మీది నూనె, మడ్డి నా బావిలోకి దిగుతాయేమోనని మబ్బు పట్టినప్పుడల్లా గేటుకీ గదికీ తిరుగుతున్నాను. ఈ వయసులో నా నాలుకకు మిగిలిన రుచి ఆ నీళ్లొక్కటే.

మామయ్య

తా.క. గండి నేనే సిమెంటుతో పూడ్చాను. మీ కాంట్రాక్టరు కన్నా నున్నగా వచ్చింది.

పూజ్యులైన మామయ్యకు నమస్కారాలు.

పని ఒత్తిడిలో మీ సంతకం దాకా చదవగలిగాను. మీ బావి నీళ్లు పరీక్ష చేయిస్తే నూనె తేలింది. గండి దగ్గర ఎవడో దొంగచాటుగా చెయ్యి పెడుతున్నాడని మావాళ్లూ అన్నారు. అంతా వాడివల్లే. దొరికితే వదలకండి.

మీ మేనల్లుడు

తా.క. గండి పెట్టింది మేమే. రోడ్డు నీళ్లు అందులోంచి గుంటలోకి దిగి, మురికి రెల్లు వేళ్ల దగ్గర వదిలి నేలలో ఇంకాలి. గండి మూస్తే నీళ్లు మీ గేటు పల్లంలోంచి తిన్నగా బావిలోకే.

మేనల్లుడికి,

నీ తాజా కలం చదవలేదు. ఉత్తరంలో చెప్పలేనిది తోకకు కట్టేవాడి మాట నేను చదవను.

దొంగ దొరికాడు. నిన్న వానలో ముసుగు రెయిన్‌కోటు వేసుకుని, నా సిమెంటును గునపంతో పొడుస్తున్నాడు. గొడుగుతో వీపు మీద రెండు వడ్డించాను. గుంటలో పడ్డాడు. నీ శాఖ చెయ్యలేని పని నా గొడుగు చేసింది.

మామయ్య

తా.క. పడుతూ వాడు "మామయ్యా" అన్నాడు. ఈ కాలం దొంగలు వరసలు కూడా కలుపుతున్నారు.

మామయ్యకు,

బోర్లా పడుకుని రాస్తున్నాను. ఆ వీపు నాది.

ముందుగా చెబితే ఉపన్యాసం వినాలని చెప్పకుండా వచ్చాను. మీరు చదవని తాజా కలంలో ఉన్న సంగతి ఇక్కడే రాస్తున్నాను: గండి ఉంటేనే మీ బావి బాగుంటుంది. నేను గుంటలో ఉన్నంతసేపూ రోడ్డు నీళ్లన్నీ నేను అప్పటికే తెరిచిన గండిలోంచి నా మీదుగానే పోయాయి. మళ్లీ పరీక్ష చేయిస్తే ఈ వానకు మీ బావిలో నూనె జాడ లేదు. ఇక దాన్ని ముట్టుకోకండి.

మీ మేనల్లుడు

తా.క. మీరిది చదవరు కనుక ఒప్పుకుంటున్నాను. మా కాంట్రాక్టరు కన్నా గట్టిగానే పూడ్చారు. గునపం వంగింది.