లాజరస్ భార్య పేరు

లొరెట్టా తల్లీ, పాత కాగితాలు చదివి చదివి మీ బామ్మకు కళ్ళు మండుతున్నాయి గాని నోరు బాగానే పనిచేస్తోంది, దిగులు పడకు.

మన మూలపురుషుడు లాజరస్ హాక్‌వర్త్ కొత్త సమాధిరాయి మీద "లాజరస్, అతని భార్య" అని చెక్కిస్తే చాలన్నాడు కదా మీ నాన్న. చాలదు. ఆవిడ పేరు దొరికింది. వీలునామాలో ఆ మహానుభావుడు "నా ప్రియమైన భార్యకు పడమటి గది, చెర్రీ అనే ఆవు" అని రాశాడు. ఆవుకు పేరుంది, ఆవిడకు లేదు.

"ఇంకెక్కడా ఉండదు మామ్మగారూ, ఇంటికెళ్ళి పడుకోండి" అంది ఈ ఊరి రికార్డుల కచేరీ గుమాస్తా.

"వీలునామా మొగుడొక్కడే రాసుకుంటాడమ్మా. పొలం అమ్మాలంటే పెళ్ళాం ఒప్పుకోవాలి. అమ్మకం దస్తావేజులు తియ్యి" అన్నాను.

ఇంగ్లండు రాజుగారి కాలంలో న్యాయాధికారి, పొలం అమ్మేవాడి పెళ్ళాన్ని మొగుడికి వినబడనంత దూరం తీసుకెళ్ళి, ఇష్టపడే ఒప్పుకుంటున్నావా అని అడిగేవాడు. ఆ దస్తావేజులోనే ఉంది మన లాజరస్ భార్య పేరు, కెజీయా. ఆవిడ "లేదు, ఊట ఉన్న ముక్క నేనివ్వను" అందట! అలాగే రాసుకున్నారు. లాజరస్ ఆ ముక్క వదిలేసి మిగతా పొలమే అమ్మాడు. మీరివాళ తాగే నీళ్ళు ఆ ఊటవే.

యాపిల్ పళ్ళ గుజ్జు కాచారా? అడుగంటనిచ్చారా? నా ఉన్ని శాలువా పంపించు, ఇక్కడ చలి. రాతిపనివాడు గురువారం వస్తాడు, ఈలోగా ఈ కార్డు మీ నాన్నకు చూపించు. రాయి మీద చోటు లేదంటాడేమో, "అతని భార్య" తీసేసి అక్కడ కెజీయా అని చెక్కించమను. అక్షరాలు కూడా తక్కువే.

నీకూ తమ్ముడికీ నా దీవెనలు.

బామ్మ