గ్రూపులో ఏడో పేరు

13 నవంబర్ 2025, గురువారం. సాయంత్రం 6

తప్పు జరిగింది. చేసింది మా అన్న రవీంద్ర. ఇయ్యాల పగటీలి పన్నెండు గంటలకు, అడాజన్ స్నూకర్ క్లబ్‌ల, వందమంది చూస్తుండంగ మా బాపును హాల్ నుంచి బయటికి పంపించిండు. రిఫరీ కాదు. మేనేజర్ నరహరిభాయ్ కాదు. అన్ననే. నేను కళ్లారా చూసిన.

నేను చదివిన కరపత్రాలన్నీ ఇట్లనే మొదలైతయి. ముందు తప్పు, ఎనుక తప్పు చేసినోని పేరు. కార్మికుల కోసం నేను రాసినయి గూడ అంతే. ఇన్నాళ్లు ఆ పేరు కాడ సేఠ్‌లనే రాసిన. సొంత అన్నను రాయవలసొస్తదని అనుకోలే.

వరుసగ రాస్త. ఇది ఇన్విటేషనల్ టోర్నమెంట్. పిలిచినోళ్లే ఆడాలె. అన్నకు రెండేండ్ల కిందనే ప్రొఫెషనల్ కార్డ్ వచ్చింది, గని ఇప్పటిదాక ఎవ్వలు పిలువలే. పదకొండేండ్ల సంది ఆ క్లబ్‌లనే మార్కర్. బాల్స్ సర్దుడు, స్కోర్ రాసుడు, సేఠ్‌ల పిల్లలకు జోడీ లేకుంటే తోడు ఆడుడు. ఈసారి కోల్‌కతా ప్లేయర్‌కు జ్వరమొచ్చింది. ఏడుగురి గ్రూపుల ఒక పేరు ఖాళీ అయింది. ఆ ఏడో పేరు మా అన్నది.

రౌండ్ రాబిన్. అంటే అందరు అందరితోని ఆడాలె. మనిషికి ఆరు మ్యాచ్‌లు, దినానికి రెండు, మూడు ఫ్రేములు గెలిచినోనిది మ్యాచ్. పైన నిలిచిన ఇద్దరికి ఆదివారం ఫైనల్. నాకు ఈ పద్ధతి మస్తు నచ్చింది. నాకౌట్‌ల ఒక్కసారి చెయ్యి వణికితే ఇంటికే. దీంట్ల ఓడినోనికి గూడ రేపు ఉంటది. దునియా మొత్తం ఇట్ల ఉండాలె అని చెప్పిన. అన్న నవ్వి, ముందుగల పాయింట్స్ టేబుల్ చదువుడు నేర్చుకోరా లీడర్ అన్నడు.

బాపు ముప్పై రెండేండ్లు సాంచలు నడిపిండు. పవర్‌లూమ్‌ను మా ఇండ్లల్ల సాంచ అంటం. ఆ చప్పుడుకు చెవులు పోయినయి. తన గొంతు తనకే ఇనబడది. మెల్లగనే మాట్లాడిన అనుకుంటడు, మేముండే లింబాయత్ గల్లీ అంత ఇంటది.

మొదటి మ్యాచ్, రెండో ఫ్రేమ్. అన్న పింక్ మీద వంగిండు. హాల్‌ల పరీక్ష రాస్తున్నట్టు నిశ్శబ్దం. బాపు నా చెవుల చెప్తున్న అనుకొని, కొట్టు బిడ్డా, ఆ గులాబీదాన్ని కొట్టు అన్నడు. హాలు అదిరింది. పింక్ పడలే. జనం నవ్విండ్రు. ముందు వరుసల ఒకడు, ఇది కూరగాయల మార్కెటా అని గుజరాతీల అడిగిండు. అన్న వాణ్ని ఏమనలే. రిఫరీ దగ్గరికి పోయి ఏందో చెప్పిండు, మా దిక్కు చెయ్యి చూపిండు. ఇద్దరొచ్చి బాపు మోచేతులు పట్టుకున్నరు. బాపు అందరికి దండం పెట్టి, నా మూలంగ ఆట ఆగింది, ఏమనుకోకుండ్రి అన్నడు. అది గూడ గట్టిగనే.

అన్న రెండు మ్యాచ్‌లు గెలిచిండు. నేను చప్పట్లు కొట్టలే.

13 నవంబర్, రాత్రి 8

అన్న ఇంటికి రాలే. క్లబ్‌లనే పంటడట. మంచిది.

14 నవంబర్, శుక్రవారం. పొద్దున 6.30

వచ్చిండు. బాపు ముందర కూసున్నడు. బాపూ, తప్పయింది, మాఫ్ చెయ్ అన్నడు. ఇనబడలే. ఇంకోసారి అన్నడు. మూడోసారి గల్లీ మొత్తం ఇనేటట్టు అరిచిండు. పక్క రూమ్ అంబదాస్ కాక నోట్ల బ్రష్‌తోనే బయటికొచ్చి, ఏమైందిరా, ఓడినవా అని గట్టిగ అడిగిండు. వాడు ఓడలేదు, నన్ను మాఫ్ చేస్తున్నడు అన్నడు బాపు. మొగని మాటకు అవ్వ నవ్వీ నవ్వీ చాయ్ పొంగబెట్టింది.

అన్న నవ్వలే. బాపు చేతులు రెండు పట్టుకొనే ఉన్నడు. పదకొండేండ్లు ఒక్క పిలుపు కోసం చూసిన, ఆ టైముల ఏం చేస్తున్ననో తెల్వలే అన్నడు. రాత్రి అన్ననే నరహరిభాయ్‌ని కాళ్లావేళ్లా పడి అడిగిండట. రేపు పదకొండు గంటల మ్యాచ్‌కు బాపును రానిస్తరు. ఎనుక వరుసల, తలుపు పక్క కుర్చీ. షరతు ఒక్కటే. మా మనుషుల నోట్లకెళ్లి ఒక్క మాట వచ్చినా ఆ ఫ్రేమ్ అవతలోనికి ఇచ్చేస్తరు.

బాపుకు ఇదంత సైగలతోని చెప్పిన. ఒక్కసారన్న కుర్చీల కూసోని చూస్త, నోరు తెరువ అన్నడు. గోడ అవతల అంబదాస్ కాక, మేం గూడ తెరువమే అన్నడు.

అన్నతోని నేను ఇంకా మాట్లాడలే. గని బాపును తీస్కపోయే జిమ్మ నాదే అని అవ్వకు చెప్పిన.

14 నవంబర్, సాయంత్రం 7

నేను పార్సిళ్లు కట్టే రింగ్ రోడ్ బట్టల మార్కెట్‌ల రేపటికి సెలవు అడిగిన. పార్సిళ్లు నీ బాపు కడ్తడా అన్నడు మా సేఠ్. కడ్తె నీకంటె మంచిగ కడ్తడు అన్న. సెలవు దొరికింది, పని ఉంటదో లేదో తెల్వది.

అన్నది ఇయ్యాల ఒకటి గెలుపు, ఒకటి ఓటమి. మొత్తం నాలుగింట్ల మూడు.

ఇంట్ల బాపుకు గుసగుస నేర్పుతున్నం. దీనికి చెల్లె రుచితనే టీచర్. అరచెయ్యి పైకి లేపితే గొంతు ఎక్కువైందన్నట్టు, కిందికి దించితే సరిపోయిందన్నట్టు. బాపు శాబాష్ అన్నడు. రుచిత చెయ్యి నెత్తి మీదికి పోయింది. ఇంకోసారి అన్నడు. అది స్టూల్ ఎక్కింది. పదోసారికి పెదవులు ఆడినయి గని గొంతే రాలే. ఇప్పుడెట్లున్నది అని అరిచి అడిగిండు.

అరుసుడో, మొత్తం బంద్ చేసుడో, నడిమిట్ల ఏది లేదు ఈయనకు. సాంచల మనుషులకు గుసగుస ఎవరు నేర్పిండ్రని.

ముప్పై ఏండ్ల సంది నేను నోరు మూసుకో అంటె మూసుకోలే, కొడుకు కోసం మూసుకుంటవా అని అవ్వ దెప్పింది. రుచిత ఆ మాట చేతులతోని చేసి చూపింది. నువ్వన్నది నాకు ఎన్నడు ఇనబడలే గదనే అన్నడు బాపు.

రాత్రికి అన్నం వద్దన్నడు. తిన్నది అరుగలేదని సోడా తాగిండు.

15 నవంబర్, శనివారం. పొద్దున 10

బస్సుల రాస్తున్న. బాపు ఇస్త్రీ అంగి తొడిగిండు. ఇంట్లకెళ్లి ఎల్లినప్పటి సంది ఒక్క మాట లేదు. ఇప్పటి నుంచే ఎందుకు అని సైగ చేసిన. అలవాటు కావాలె గద అన్నట్టు చెయ్యి తిప్పిండు.

15 నవంబర్, సాయంత్రం 4.10. దవాఖాన

రాయాలె. చేతికి ఇంకేం పని చెప్పాల్నో తెలుస్తలేదు.

అవతల పుణె ప్లేయర్ కమలాకర్. చెరి రెండు ఫ్రేములు. ఐదో ఫ్రేముల అన్న పదిహేడు పాయింట్లు ఎనుక ఉన్నడు. టేబుల్ మీద మిగిలింది బ్లూ, పింక్, బ్లాక్. మూడు కలిపితే పద్దెనిమిది. మూడూ పడాలె. ఒక్కటి తప్పినా మ్యాచ్ పోయినట్టే. బ్లూ కోసం ఇద్దరు పది నిమిషాలు ఒకనికొకడు బాల్ దాచుకుంట ఆడిండ్రు. ఎవ్వలు దగ్గుతలేరు.

అప్పుడు బాపు నా మణికట్టు పట్టుకున్నడు. గట్టిగ. రెండుసార్లు నొక్కిండు.

అరుస్తడేమో అనుకున్న. బాపు మొఖం చూడలే. టేబుల్ మీదనే కండ్లు పెట్టి, వేలు పెదవుల మీద పెట్టుకొని చూపిన. కంటి కొసకు కనబడ్డది, తల ఊపిండు. సరే అన్నట్టు. నేను అడిగితే సరే అన్నడు.

బ్లూ పడ్డది. మళ్ల పట్టుకున్నడు, మళ్ల రెండుసార్లు. ఆయన చెయ్యి మీద నా చెయ్యి పెట్టి అదిమిన. జర ఆగు అన్నట్టు. పింక్ పడ్డది. బ్లాక్ మూల దాక పోయి, ఆగినట్టే ఆగి, పడ్డది. హాల్ మొత్తం లేచింది. మొన్న కూరగాయల మార్కెట్ అన్నోడు గూడ లేచిండు. అన్న కర్ర పైకెత్తి మా దిక్కే చూసిండు.

బాపు లేవలే. అంగి మొత్తం చెమటతోని తడిసి ఒంటికి అతుక్కున్నది. చెయ్యి ఇంకా నా మణికట్టు మీదనే ఉన్నది, పట్టు లేదు.

గుండెల నొప్పి ఎప్పుడు మొదలైంది అని డాక్టర్ అడిగిండు. తెల్వది అన్న. తెలుసు. బ్లూ కంటె ముందు.

ఒకటి యాభైకి పోయిండని రాసిచ్చిండ్రు.

15 నవంబర్, సాయంత్రం 6.45

అయిదు గంటలకు అన్నకు ఆఖరి మ్యాచ్. అది గెలిస్తె ఫైనల్. అవ్వ ఏడ్సుకుంటనే, పో బిడ్డా, ఆడి రా, ఆయన నోరు మూసుకున్నది అందుకే అన్నది. అన్న పోలే. బాపు చెప్పులు ఒళ్లె పెట్టుకొని కారిడార్‌ల కూసున్నడు.

నరహరిభాయ్ అర్ధగంట ఆగిండు. ఆ ఎనుక ఫోన్ చేసిండు. గ్రూపుల అన్ని మ్యాచ్‌లు ఆడకుండ మధ్యల పోయినోని లెక్క మొత్తం కొట్టేస్తరట. గెలిచినయి, ఓడినయి, అన్నీ. ఆడనట్టే. నాలుగు గెలిచిండు గద అన్న. లేనట్టే బేటా అన్నడు. ఇయ్యాలటి ఐదో ఫ్రేమ్? అది గూడ అన్నడు. ఆ ఫ్రేమ్ జరగలేదని నువ్వొచ్చి మా అవ్వకు చెప్పు అని దవాఖాన అదిరేటట్టు అరిచిన. నర్సు వచ్చి నన్ను మెల్లగ మాట్లాడమన్నది. అవతల నరహరిభాయ్ ఫోన్ పెట్టలే. తిట్లన్ని ఇన్నడు. రూల్ నేను రాయలే, రేపు నేను గూడ వస్త అన్నడు.

ఫోన్‌ల టేబుల్ తెరిచి చూసిన. ఆరు పేర్లే ఉన్నయి. అన్న చేతుల ఓడిన కమలాకర్ రెండో జాగల ఉన్నడు. ఆయన మూడుసార్లు ఫోన్ చేసిండు. అన్న ఎత్తలే.

ఓడినోనికి రేపు ఉంటదని మొన్న రాసిన. ఆట నడుమ లేచినోనికి నిన్న గూడ ఉండదని నాకు తెల్వలే.

అన్న నన్ను ఒక్కటే అడిగిండు. బాపు ఏమన్న అన్నడా అని. ఏమనలే అని చెప్పిన.

16 నవంబర్, ఆదివారం. పొద్దున 5.30

సిరిసిల్ల నుంచి పెద్దబాపు బండి దిగంగనే బాపును తీస్కపోతం.

అంబదాస్ కాక నైట్ షిఫ్ట్ మధ్యల ఇడిచిపెట్టి వచ్చిండు. ఆయనకు చెప్పిన, మణికట్టు సంగతి. ఇంకెవ్వలకు చెప్పలే. కాక నా చెయ్యి పట్టుకొని రెండుసార్లు నొక్కిండు. ఇట్లనా అని అడిగిండు. ఇట్లనే అన్న. ఆ ఎనుక కాక చెప్పిండు.

సాంచల షెడ్డుల ఎవని మాట ఎవనికి ఇనబడది. దారం చిక్కుపడ్డా, చెయ్యి ఇరుక్కున్నా, పక్కోని మణికట్టు పట్టుకొని రెండుసార్లు నొక్కుతరట. సాంచ బంద్ చెయ్ అని. షెడ్డుల చిన్నపిలగానికి గూడ తెలుసట.

సాంచల మనుషుల బతుకు మీద నేను పన్నెండు కరపత్రాలు రాసిన. షెడ్డుల ఒక్క దినం నిలబడలే.

అన్నకు ఇంకా చెప్పలే. దహనం కాంగనే చెప్త. ముందు తప్పు, ఎనుక నా పేరు పెట్టే చెప్త.

16 నవంబర్, 6.15

అందరి ఫోన్లకు పంపిన:

మా బాపు లింగమూర్తి నిన్న పోయిండు. తొమ్మిది గంటలకు లింబాయత్‌ల మా గల్లీ మొగదల కలవాలె. నైట్ షిఫ్ట్ దిగినోళ్లు నూనె మరకలతోనే రండి. డే షిఫ్ట్ వాళ్లు ఎవ్వల్ని అడుగకుండ్రి. ఆయన బంద్ చెయ్యమన్నడు. సాంచలు బంద్ చేసి రండి. తొమ్మిది గంటలకు.