బాగున్నవాడి ఊపిరి

నాన్నా,

ఎలా ఉన్నావని అడగను. అడిగితే "నాకేం, గుండ్రాయిలా ఉన్నా" అంటావు, నాకు ఒళ్ళు మండుతుంది.

అత్త వాళ్ళ వంటగదిలో కూర్చుని రాస్తున్నా. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేదు. ఇక్కడి ఆసుపత్రిలో ఊపిరితిత్తులు ఎలా పనిచేస్తున్నాయో ఎమ్మారై మిషనులో చూస్తున్నారు. రోగులతో పోల్చడానికి ఏ జబ్బూ లేని కుర్రాళ్ళు కావాలన్నారు. ఛాతీ విరుచుకుని వెళ్ళాను. "ఏం పని చేస్తావు బాబూ?" అని డాక్టరమ్మ అడిగితే బట్టల కొట్లో కూర్చుంటానన్నాను. మన షెడ్డులో రాళ్ళు కోస్తానంటే, దుమ్ము పీల్చేవాడివని పొమ్మంటారు. నాకేమో, నువ్వు బాగున్నావురా అని ఎవరిచేతైనా అనిపించుకోవాలని ఉంది. నీకు వినపడకుండా దొడ్లోకి పోయి దగ్గుతున్నాను మరి.

సొరంగంలాంటి మిషనులో పడుకోబెట్టి, సంచిలో గ్యాసు పీల్చి బిగబట్టమన్నారు. అది చేరిన చోటల్లా బొమ్మలో వెలుగుతుందట. నేను బిగబట్టలేక మధ్యలోనే వదిలేశాను. "తొందరేం లేదు, మళ్ళీ చేద్దాం" అందామె. ఆ మెత్తని మాటకి చచ్చిపోయాను.

బొమ్మ చూపించింది. రెండువైపులా పైన నల్లటి ఖాళీలు. అక్కడికి గాలే వెళ్ళడం లేదు. "దుమ్ములో ఎప్పుడైనా పనిచేశావా?" అని అడిగింది. లేదన్నాను. చేశానంటే, దుమ్ము అణిగేలా నీళ్ళు పోయకుండా రాయి కోయించిన మేస్త్రి ఎవరంటుంది. మా నాన్నేనని చెప్పనా? బురదైతే పని సాగదని నీళ్ళ పైపు కట్టేయించింది నువ్వు కాదూ? మూతికి గుడ్డ కట్టుకున్నవాణ్ణి "ఏమే కొత్త పెళ్ళికూతురా" అని ఏడిపించింది నువ్వు కాదూ? పక్కన నిలబడి ఇకిలించింది నేను.

"కొట్లో కూర్చునేవాళ్ళకీ ఇలా ఉంటుందేమోలే" అని, నా బొమ్మని బాగున్నవాళ్ళ బొమ్మల్లో కలిపేసింది.

రేపు మన షెడ్డువాడెవడైనా ఆయాసమని వెళితే నా బొమ్మ పక్కన పెట్టి చూస్తారు. బాగున్నవాడికీ ఇంతే, నీకేం లేదు ఫో అంటారు. ఇంతకన్నా సిగ్గుమాలిన పని ఉందా? సోమవారం వెళ్ళి నిజం చెప్పేస్తా. నీ సంగతీ చెప్తా. తిట్టుకుంటావో, కొడతావో, నీ ఇష్టం.

నీ కొడుకు


ఒరే పెద్దోడా,

నీ ఉత్తరం షెడ్డులో నిలబడి మొదలుపెట్టి, కూలబడి పూర్తిచేశాను. కోపం రాలేదురా. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నీ దగ్గు వినపడకేం, రోజూ వినపడుతోంది. అడిగితే నా సంగతి నువ్వడుగుతావని చెవిటివాడిలా ఊరుకున్నా. నేను వెల్లకిలా పడుకుని ఎన్నాళ్ళయిందో మీ అమ్మనడుగు. పడుకుంటే ఊపిరాడక గోడకి ఆనుకుని కూర్చునే తెల్లారబెడుతున్నా.

ఇవాళ పైపు విప్పించాను. బురదలో సగం పనే అయింది. యజమాని గంతులేస్తున్నాడు, వేయనీ.

సోమవారం ఒక్కడివే వెళ్ళకు, నేనూ వస్తున్నా. నీ అబద్ధం నువ్వు ఒప్పుకో, అంతవరకే. మేస్త్రి ఎవరని అడిగితే మాత్రం నువ్వు నోరు విప్పకు. అది నేను చెప్పాల్సిన మాట.

మీ నాన్న