ఎండకు మారని రంగు

తమ్ముడూ,

నువ్వు చెప్పిన చోటికే వెళ్ళి, చేతి మీది కాలిన మచ్చ కప్పించుకున్నాను. అప్పుడు చలికాలం కదా, చెయ్యి కాస్త తేటగా ఉండేది. పచ్చబొట్టు వేసే అమ్మాయి సరిగ్గా ఆ రంగే కలిపి సూదితో మచ్చంతా నింపింది.

"ఎలా కాలిందక్కా?" అంది.

చిన్నప్పుడు మా తమ్ముడి మొహం మీద మరిగే నూనె పడబోతే చెయ్యి అడ్డం పెట్టానన్నాను.

"మరి ఇప్పుడు కప్పడం ఎందుకు?"

నీ మొహం అక్క పెట్టిన భిక్ష అని మీ అత్తవారి ముందు ఎవరో అన్నారని, నీకు తల కొట్టేసినట్టయిందని ఎలా చెప్పను? చూడ్డానికి నాకే బాగోలేదన్నాను.

వచ్చేస్తుంటే ఆ అమ్మాయి హెచ్చరించింది. "ఎండలో తిరక్కండి. ఒళ్ళు నల్లబడుతుంది గానీ నేను వేసిన రంగు నల్లబడదు." నవ్వొచ్చింది. మొక్కల నర్సరీలో పనిచేసేదాన్ని నీడలో కూర్చోబెట్టి జీతం ఎవడిస్తాడు?

ఎండలు ముదిరాయి. చెయ్యంతా నల్లబడి, మచ్చ ఉన్నంత మేరా తెల్లగా మిగిలింది. ఇదివరకు దగ్గరికొచ్చిన వాళ్ళే అడిగేవారు. ఇప్పుడు దారిన పోయేవాళ్ళు కూడా ఆగి అడుగుతున్నారు.

మళ్ళీ వెళ్ళి ముదురు రంగు వేయించుకోమని రాశావు. వేయించుకోను. మొన్న నీ ఫోటో పక్కన చెయ్యి పెట్టి చూశాను. ఏసీ గదిలో కూర్చునే నీ బుగ్గ, నా చేతి మీది మచ్చ, అచ్చం ఒకటే రంగు.

అడిగినవాళ్ళకి ఇప్పుడు నిజమే చెబుతున్నాను. ఇది మా తమ్ముడి మొహం అని.

నీ అక్క