ప్రార్థనలో పెడదాం

ఆదివారం రాత్రి

ఒళ్లు మండిపోతోంది. నేరేడ్‌మెట్ దాటాక ఉన్న కొత్త బస్తీలో సంఘం మొదలుపెడదామని ఇవాళ ఆరాధన అయ్యాక చర్చి కమిటీలో అడిగాను. ఇక్కడ సికింద్రాబాద్‌లో వీధికో మందిరం ఉంది, అక్కడ ఒక్కటీ లేదు. మొన్న ఆ బస్తీలో దేవమ్మ భర్త పోతే సమాధి దగ్గర ప్రార్థన చేయడానికి ఒక్క పాస్టరూ దొరకలేదు. అదీ చెప్పాను. సంఘ పెద్ద జాన్ అంకుల్ కళ్లద్దాలు తుడుచుకుంటూ, "దేవుడు మీకు మంచి భారం ఇచ్చాడు సిస్టర్. జెర ప్రార్థనలో పెడదాం," అన్నాడు.

మా సంఘంలో ఆ మాటకు అర్థం 'వద్దు' అనే. మందిరానికి ఏసీలు కావాల్సివచ్చినప్పుడు ఎవరూ ప్రార్థనలో పెట్టలేదు, వారం తిరగకుండా బిగించేశారు! సువార్త అందని చోట్ల కోసం ప్రతి ఆదివారం కన్నీళ్లతో ప్రార్థిస్తాం. ఆ చోటు ఆటో దూరంలోనే ఉందంటే నీళ్లు నములుతాం. దేవుణ్ణి అడ్డం పెట్టుకుని తప్పించుకోవడం మాకు వచ్చినట్టు ఇంకెవరికీ రాదు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుండగానే దేవమ్మ ఫోన్.

"అక్కా, ఏమన్నరు? వచ్చే ఆదివారం ఆరాధనకు మా ఇంట్ల చాపలు పరిచి ఉంచాల్నా?"

వద్దన్నారని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"ప్రార్థనలో పెట్టాం దేవమ్మా," అన్నాను.

ఆవిడ నమ్మేసింది. "ఆమెన్ అక్కా," అంది, సంతోషంగా.